వేల్స్ ఇంగ్లీషు రచనలకు కేంద్రం పెట్టాలంటే ముందు గది కాదు, పుస్తకాలు వెతకండి

"వెల్ష్ భాష బతికే ఉంది కదా, ఇంగ్లీషులో రాసిన వేల్స్ రచయితలకి యూనివర్సిటీలో వేరే కేంద్రం దేనికి? పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ప్రశ్న.

దేనికి అంటే: బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో 2021 జనాభా లెక్కల్లో, అక్కడి సొంత భాష వెల్ష్ వచ్చని చెప్పినవాళ్లు 17.8 శాతమే. మిగతా జనం, ముఖ్యంగా దక్షిణాన బొగ్గు గనుల లోయల్లోవాళ్లు, చాలావరకు ఇంగ్లీషు నవలల్లోకే ఎక్కారు. వేల్స్‌వాళ్లు ఇంగ్లీషులో రాసినదాన్ని అప్పట్లో "ఆంగ్లో-వెల్ష్" అనేవాళ్లు. 1938లో వెల్ష్ భాషా రచయిత సాండర్స్ లూయిస్ "ఆంగ్లో-వెల్ష్ సాహిత్యం అనేది ఉందా?" అని ఉపన్యాసమిచ్చి, లేదని తేల్చేశాడు. ఆయనేమో పుట్టింది వేల్స్‌లో కాదు, ఇంగ్లండ్‌లో, లివర్‌పూల్ ఎదుటి ఒడ్డున!

కేంద్రం పేరులో ఆ "ఆంగ్లో-వెల్ష్" మాత్రం పెట్టకండి. సగం వెల్ష్‌వాళ్లు అన్నట్టు వినిపిస్తుంది, ఆ తగువు తెగదు. వేల్స్‌లోని స్వాన్సీ యూనివర్సిటీలో 1998లో ఆచార్యుడు ఎం. విన్ థామస్ స్థాపించిన కేంద్రానికి "వేల్స్ ఆంగ్ల సాహిత్య, భాషా పరిశోధన కేంద్రం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పొట్టిగా క్రూ (CREW). మనకిది కొత్తేమీ కాదు. మన దగ్గర భారతీయులు ఇంగ్లీషులో రాసినవాటికి "ఇండో-ఆంగ్లియన్" అన్న మాట పోయి "ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్" నిలబడడంలో విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంగ్లీషు శాఖను నడిపిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ అదే పేరుతో రాసిన పుస్తకానికి పెద్ద వాటా ఉంది.

ఇక అసలు పని. చాలామంది ముందు లోగో, నామఫలకం, ప్రారంభోత్సవం చూసుకుంటారు. ఆరు నెలలకి పాఠం చెబుదామని కూర్చుంటే చెప్పాల్సిన నవల మార్కెట్లో ఉండదు. పాత ప్రతి ఒక్కటి దొరికితే ముప్పై మంది పిల్లలకి ఎలా పంచుతారు? అందుకే మొదటి ఏడాది పని పునర్ముద్రణే. వేల్స్‌లో మహిళా రచయితల పాత పుస్తకాల్ని హొన్నో అనే ప్రచురణ సంస్థ తిరిగి వేసింది. 2006లో ప్రభుత్వ డబ్బుతో "లైబ్రరీ ఆఫ్ వేల్స్" అనే పునర్ముద్రణల వరస మొదలై రాన్ బెర్రీ, మార్గియాడ్ ఎవాన్స్ లాంటి నవలాకారులు మళ్లీ అంగట్లోకి వచ్చారు. ఆ వరస లేకపోతే ఏ కోర్సయినా అందరికీ తెలిసిన కవి డిలన్ థామస్‌తో మొదలై డిలన్ థామస్‌తోనే ముగుస్తుంది. ఇప్పటికే సగం కోర్సుల తీరు అదే.

రెండోది రచయితల కాగితాలు. ఇక్కడ ఆలస్యం చేస్తే ఏమవుతుందో చూడండి. 1941లో డిలన్ థామస్ తన కవితల నోటుపుస్తకాలు నాలుగు అమ్ముకుంటే అవి అమెరికాలో బఫెలో యూనివర్సిటీకి చేరాయి. పుట్టిన ఊరు స్వాన్సీకి ఒక్కటీ దక్కలేదు. అయిదోదాన్ని అత్తగారింట్లో వదిలేశాడు. మిగతా కాగితాలతో పాటు వంటింటి బాయిలర్లో పడెయ్యమని అత్తగారు తన పనిమనిషి చేతికిస్తే, ఆ పనిమనిషి దాన్ని కాల్చకుండా దాచింది. దశాబ్దాల పాటు సొరుగులో, టెస్కో అనే సూపర్‌మార్కెట్ సంచిలో ఉండిపోయింది. 2014లో వేలానికి వస్తే స్వాన్సీ యూనివర్సిటీ లక్ష పౌండ్ల పైన పోసి కొనుక్కుంది. రచయిత బతికుండగానో, పోయిన వెంటనే కుటుంబంతోనో మాట్లాడుకుంటే చాలాసార్లు ఉచితంగా వచ్చే సరుకది.

పెట్టెలు వచ్చాక తొందరపడి సర్దకండి. ఏ కాగితం పక్కన ఏది ఉందో అదే ఆధారం. ముందు ఆ వరస రాసుకోండి. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. వార్తాపత్రిక కత్తిరింపుల్ని విడిగా పెట్టండి, వాటి ఆమ్లం పక్క కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది. 1980ల రచయితల దగ్గర ఆమ్‌స్ట్రాడ్ అనే అప్పటి కంప్యూటర్ల డిస్కులు ఉండొచ్చు. అవి మూడంగుళాలవి, మామూలు మూడున్నర అంగుళాల డ్రైవులో పట్టవు.

కాగితం మీదైనంత మాత్రాన కాపీరైటు మీది కాదు. ఉత్తరం అందుకున్నవాళ్ల కుటుంబం ఇస్తుంది, హక్కు మాత్రం రాసినవాళ్ల వారసులది. డిలన్ థామస్ 1953లో పోయాడు కాబట్టి బతికుండగా అచ్చయినవి 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో ఎవరైనా వేసుకోవచ్చు. కానీ 1969కి ముందు పోయినవాళ్ల రాతల్లో 1989 ఆగస్టు నాటికి అచ్చుకానివాటికి అక్కడి చట్టం 2039 చివరిదాకా హక్కు ఉంచింది. ఉత్తరాల సంపుటం వేస్తామని గ్రాంటు దరఖాస్తులో రాసి ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే.

మనుషుల సంగతి: ఒక్క ఆచార్యుడి మీద కేంద్రం నిలబెడితే ఆయన పదవీ విరమణతోనే మూతపడుతుంది. ఇద్దరు శాశ్వత అధ్యాపకులు, వాళ్లలో ఒకరికి వెల్ష్ చదవడం వచ్చి ఉండాలి. విన్ థామస్ రెండు భాషల్లోనూ రాస్తాడు. వెల్ష్ మాట్లాడే జనం గురించి ఇంగ్లీషులో నవలలు రాసిన ఎమిర్ హంఫ్రీస్ లాంటి రచయితని ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాడు చదివితే, అతని పాత్రలు ఇంట్లో ఏ భాషలో పోట్లాడుకుంటున్నాయో కూడా పట్టుకోలేడు.