టర్కీలో కాయాకోయ్ ఊరు ఎందుకు ఖాళీ అయింది?

నైరుతి టర్కీలో ఫెతియే పట్టణం దగ్గర కొండ వాలు మీద పైకప్పుల్లేని రాతి ఇళ్ళు వందల్లో కనిపిస్తాయే, అదే కాయాకోయ్, పాత పేరు లెవిస్సి. ఒకప్పుడు అక్కడ ఉన్నది ఎక్కువగా గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు, చుట్టుపక్కల ముస్లింలతో తరాలుగా కలిసి బతికినవాళ్ళే. మొదటి ప్రపంచ యుద్ధం టైంలోనే చాలామందిని వెళ్ళగొట్టారు, ఇక 1923లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రీస్, టర్కీ జనాభా మార్పిడికి (టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కి, గ్రీస్‌లోని ముస్లింలు టర్కీకి) ఒప్పుకున్నాక మిగిలినవాళ్ళూ పోవాల్సొచ్చింది. దారుణం ఏంటంటే ఎవరు ఎటు పోవాలో మతాన్ని బట్టి తేల్చేశారు, వాళ్ళ ఇష్టం ఎవరూ అడగలేదు. కొందరు ఏథెన్స్ దగ్గర నేయా మాక్రిలో స్థిరపడ్డారు. గ్రీస్ నుంచి వచ్చిన ముస్లింలేమో ఈ కొండ ఇళ్ళల్లో పెద్దగా నిలవలేదు, 1957 భూకంపంతో ఉన్నవి కూడా ఇంకా దెబ్బతిన్నాయి. టూరిస్టులు దెయ్యాల ఊరు అంటుంటారు గానీ ఆ మాట నాకు అస్సలు నచ్చదు, అక్కడివాళ్ళ మనవలు గ్రీస్‌లో బతికే ఉన్నారు.