ఇన్‌హేలర్ అబ్బాయి చేతికిచ్చి చూడండి

ప్రశ్న: నేను ఆరోగ్య కార్యకర్తగా ఇంటింటికీ వెళ్తుంటాను. ఒక ఇంట్లో 15 ఏళ్ల అబ్బాయికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. డాక్టరు రెండు ఇన్‌హేలర్లు రాశారు. రోజూ వాడాల్సిన ప్రివెంటర్ వాడడు, ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రం రిలీవర్ కొట్టుకుంటాడు. వాళ్లమ్మ గట్టిగా అడిగితే ‘వేసుకున్నా’ అంటాడు. ప్రివెంటర్‌లోని స్టెరాయిడ్ అలవాటైపోతుందని ఆవిడకూ లోపల భయమే. వెళ్లిన ప్రతిసారీ తల్లీకొడుకుల గొడవ మధ్య ఇరుక్కుంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు వాళ్లమ్మగారిని అడిగి ఆ అబ్బాయితో కాసేపు విడిగా కూర్చోండి. నర్సుగా పనిచేసినప్పుడూ, తర్వాత మీలాంటివాళ్లకు శిక్షణ ఇచ్చినప్పుడూ నేను పట్టుబట్టి చెప్పింది ఈ మాటే. తల్లి ఎదురుగా ఆ వయసు పిల్లాడి దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. విడిగా కూర్చున్నాక కూడా ‘రోజూ వేసుకుంటున్నావా?’ అని అడక్కండి. ‘మర్చిపోవడం అందరికీ ఉండేదే, నువ్వు వారంలో ఎన్ని రోజులు మర్చిపోతుంటావు?’ అనండి. నిజం చెప్పడానికి దారి దొరుకుతుంది. ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప మిగతావి అమ్మ దాకా తీసుకెళ్లనని ముందే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. సిగరెట్టో వేపింగో ఉంటే అదీ అప్పుడే బయటికొస్తుంది.

రోజువారీ మందు ఎందుకు వదిలేస్తున్నాడో అతని వైపు నుంచి చూడండి. రిలీవర్ కొట్టుకుంటే నిమిషాల్లో ఛాతీ తేలికపడుతుంది. ప్రివెంటర్ వేసుకుంటే ఏమీ తెలియదు, మానేసినా ఆ రోజుకి ఏమీ కాదు. ఇక దానిమీద నమ్మకం ఎలా కుదురుతుంది? అందుకే లోపల జరిగేది కాగితం మీద బొమ్మ గీసి చూపించండి. శ్వాసనాళం లోపలి పొర వాచి ఉంటుంది, కఫం పేరుకుంటుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. సాల్బుటమాల్ రిలీవర్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది, అదీ 4 నుంచి 6 గంటలే. వాపు జోలికి పోదు. వాపు తగ్గించేది ప్రివెంటర్‌లోని స్టెరాయిడే, దాని గుణం పూర్తిగా కనబడడానికి వారాలు పడుతుంది. చాలా దేశాల్లో వైద్యులు అనుసరించే ‘గినా’ మార్గదర్శకాలు 12 ఏళ్లు వచ్చినవాళ్లకు ఒక్క సాల్బుటమాల్‌తోనే నెట్టుకురావద్దని 2019 నుంచి చెప్తున్నాయి. స్టెరాయిడ్, కండరాన్ని వదులు చేసే ఫార్మోటెరాల్ అనే మందు కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను రెండు అవసరాలకూ వాడే పద్ధతి కూడా ఉంది. రెండు మోసుకుతిరగడమే ఇబ్బందైతే అది తనకు సరిపోతుందేమో డాక్టర్ని అడగమనండి. మీరుగా మాత్రం ఏదీ మార్చవద్దు.

తర్వాత, ఇన్‌హేలర్ అతని చేతికిచ్చి ‘ఎలా వేసుకుంటావో చూపించు’ అనండి. మీరు మాట్లాడకుండా చూడండి. డబ్బా ఊపుతున్నాడా? ముందు ఊపిరి వదులుతున్నాడా? నొక్కడం, పీల్చడం ఒకేసారి మొదలవుతున్నాయా? నొక్కేశాక పీలిస్తే మందంతా నాలుక మీదే పడుతుంది. నోటి పక్కనుంచి పొగలా బయటికొస్తే పెదాలు సరిగా మూయలేదన్నమాట. నెమ్మదిగా, లోతుగా పీల్చి, 10 సెకన్లు బిగపట్టి వదలాలి. రెండో పఫ్‌కి ముందు అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. ఇన్‌హేలర్‌కు తగిలించుకుని పీల్చే గొట్టం లాంటి స్పేసర్ చిన్నపిల్లల సరంజామా అని ఈ వయసువాళ్లు అటకెక్కిస్తారు. పొద్దునా రాత్రీ ఇంట్లోనే కదా, ఎవరు చూస్తారు అని నచ్చజెప్పండి. దానితో మందు గొంతులో తక్కువ, ఊపిరితిత్తుల్లో ఎక్కువ చేరుతుంది. స్పేసర్‌ని సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే లోపలి గోడలకు మందు అంటుకుపోతుంది. డబ్బాలో మందు అయిపోయినా గ్యాస్ బుస్సుమంటూనే ఉంటుంది. నీళ్లలో తేలిస్తే తెలుస్తుందన్న చిట్కాను నమ్మకండి. పఫ్‌ల లెక్క చూపే అంకెలు డబ్బా మీద ఉంటే వాటిని, లేకపోతే మొదలుపెట్టిన తేదీ రాసుకుని లెక్కను నమ్మాలి.

వాళ్లమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. పీల్చే స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 1 మిల్లీగ్రాముకి 1000 మైక్రోగ్రాములు. ప్రివెంటర్ మానేసి, ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వెళ్తే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మిల్లీగ్రాముల లెక్క. ఏళ్ల తరబడి వాడితే ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గవచ్చన్నది నిజమే, దాచకుండా చెప్పండి. ఉబ్బసంతో నిద్రలేక, ఆటలేక పెరగడం అంతకంటే పెద్ద నష్టమని కూడా చెప్పండి. నోటిపూత రాకుండా మందు వేసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఇన్‌హేలర్ పళ్లు తోముకునే బ్రష్ పక్కనే ఉంటే గుర్తుండడం, పుక్కిలించడం రెండూ కలిసొస్తాయి. వేసుకోవడం అబ్బాయి వంతు. మందు అయిపోకముందే తెప్పించడం, ఇంట్లో పొగ లేకుండా చూడడం అమ్మ వంతు. అరవడం ఎవరి వంతూ కాదని ఇద్దరి ముందూ చెప్పి రండి.

వెళ్లిన ప్రతిసారీ గడిచిన 4 వారాల గురించి నాలుగు సంగతులు అడగండి. పగటిపూట ఆయాసం, పిల్లికూతలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా, రిలీవర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ పడిందా, రాత్రి దగ్గుతో లేచాడా, ఆయాసం వల్ల ఏ పనైనా మానుకున్నాడా? మూడు నాలుగింటికి అవునంటే ఉబ్బసం అదుపులో లేదు, డాక్టరు దగ్గరికి పంపండి.

అత్యవసరంలో ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికోసారి వేయాలో డాక్టరు చేత రాయించి గోడకి అంటించండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, రిలీవర్ వేసినా తగ్గకపోయినా ఇక చూస్తూ కూర్చోకూడదు. పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, రిలీవర్ వేస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు, ఉబ్బసం ఉంది. పరుగెడితే దగ్గు వస్తోంది. ఆటలు మాన్పించమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆటకు 10, 15 నిమిషాల ముందు రిలీవర్ వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. ఒక్కసారిగా పరుగందుకోకుండా మెల్లగా ఒళ్లు వేడెక్కనివ్వమనండి. పరుగెత్తిన ప్రతిసారీ దగ్గు వస్తోందంటే మార్చాల్సింది ఆట కాదు, మందు. ప్రివెంటర్ సరిగా పడుతోందా, మోతాదు సరిపోతోందా చూపించుకుని రండి.