ఒక్కడి కోసం ఎసరు పెట్టాలా?

ప్రశ్న: అక్కా, చదువు కోసం ఇల్లు వదిలి వచ్చి ఎనిమిది నెలలైంది. నా గదిలో ఒక స్టవ్, రెండు గిన్నెలు, ఒక మూకుడు ఉన్నాయి. మొదట్లో హుషారుగా వీడియోలు చూసి రోజుకో కొత్త వంట చేశాను. ఒక్కటీ కుదరలేదు. ఉల్లిపాయ మాడుతుంది, లేదంటే పచ్చివాసన వస్తుంది, కూర చప్పగా ఉంటుంది. గంటసేపు కష్టపడి పది నిమిషాల్లో ఫోన్ చూస్తూ తినేయడం దండగ అనిపించి మళ్లీ నూడుల్స్ ప్యాకెట్ల మీద పడ్డాను. ఒక్కడికే వండుకుని తినడంలో నిజంగా ఆనందం ఉంటుందా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఉంటుంది తమ్ముడూ. నేనూ చదువుకునే రోజుల్లో ఇలాంటి చిన్న గదిలోనే ఉండేదాన్ని, మొదటి ఏడాదంతా స్టవ్ పక్కన నిలబడి గిన్నెలోంచే నాలుగు ముద్దలు తినేసి పుస్తకం తీసేదాన్ని, కడుపు నిండేది కానీ తిన్నట్టు ఉండేది కాదు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. చదవడానికి వీల్లేక, అప్పుడే దించిన అన్నం కంచంలో పెట్టుకుని, ఉడికించిన గుడ్డు రెండు ముక్కలు చేసి, పైన కాస్త ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పచ్చసొన ఇంకా కొంచెం మెత్తగా ఉంది, వేడి అన్నంలో కలిస్తే నెయ్యి వేసినట్టు కమ్మగా అనిపించింది. వంటలో కొత్తగా చేసిందేమీ లేదు, కూర్చుని తిన్నానంతే. ఆ రోజు నుంచి ఎంత టెన్షన్‌లో ఉన్నా నిలబడి తినడం మానేశాను.

అందుకే ముందు ఫోన్ సంగతి. తినే ఆ పదిహేను నిమిషాలు దాన్ని మంచం మీద పడేసి రా. ఫోన్ చూస్తూ తింటే ఉప్పు తగ్గిందో ఎక్కువైందో కూడా తెలియదు, తెలియనప్పుడు రేపటి వంట మెరుగుపడేదెలా?

ఇక రోజుకో కొత్త వంట అన్నావు చూడు, అసలు ఇబ్బంది అక్కడే ఉందని నా నమ్మకం. కొత్త వంట ఏదైనా మొదటిసారి అంతంత మాత్రంగానే వస్తుంది, రెండోసారి చేస్తే కదా తప్పు ఎక్కడ జరిగిందో తెలిసేది. నువ్వు రోజూ మొదటిసారే చేస్తున్నావు. మూడే మూడు వంటలు ఎంచుకో: ఒక పప్పు, ఒక కూర, ఒక గుడ్డు వంట. నెలరోజులు వాటినే తిప్పి తిప్పి చెయ్యి. నాలుగోసారికి కొలతలు చూడకుండా చెయ్యే చెబుతుంది, గంట పట్టేది అరగంటలో అయిపోతుంది.

ఉల్లిపాయ విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అది కుదిరితే సగం కూర కుదిరినట్టే. ఉల్లిపాయలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఉన్నంతసేపు ముక్కల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రబడి మంచి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అంటే ముందు నీరు పోవాలి, తర్వాతే రంగు. మనం తొందరపడి మంట పెద్దది చేస్తే అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది, నువ్వు చెప్పిన రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. ముక్కలన్నీ ఒకే మందంలో తరుగు. నూనె వేడెక్కాక వేసి, వెంటనే చిటికెడు ఉప్పు చల్లు, ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. మధ్యస్థం మంట మీద ఉంచి విను, మొదట చుయ్యిమని గట్టిగా శబ్దం వస్తుంది, నీరు తగ్గేకొద్దీ అది సన్నబడుతుంది. ముక్కలు అద్దంలా మెరిసి మెత్తబడతాయి, ఆ తర్వాత అంచులకి బంగారు రంగు వస్తుంది. ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోదు, పదిహేను నిమిషాలు పట్టినా పట్టనివ్వు. అడుగంటుతున్నట్టు అనిపిస్తే ఒక చెంచా నీళ్లు చల్లి గరిటెతో గీకు, అడుగున అంటిన ఆ ఎర్రటి పొరలోనే రుచి ఉంది, అది నల్లబడనంతవరకు పారేయకు. కూరగాయ ముక్కలకీ ఇదే లెక్క, మూకుడు నిండా కుక్కితే అవి వేగవు, ఆవిరికి ఉడుకుతాయి.

చప్పదనానికి మందు ఒక్క ఉప్పే అనుకోకు. ఉప్పు సరిపోయిన తర్వాత కూడా ఏదో తక్కువైందనిపిస్తే చాలాసార్లు తక్కువైంది పులుపు. స్టవ్ కట్టేశాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండి మళ్లీ రుచి చూడు.

నూడుల్స్ ప్యాకెట్లు పూర్తిగా మానేయమని నేను చెప్పను. పరీక్షల రాత్రి అదే దిక్కు కావచ్చు. అందులో ఒక గుడ్డు కొట్టి, గుప్పెడు ఆకుకూర తుంచి వేస్తే అది కూడా భోజనమే.

ప్రశ్న: రెండు పూటలకీ కలిపి పొద్దున్నే అన్నం వండేసి గిన్నెలోనే మూతపెట్టి వెళ్తాను. సాయంత్రం వేడి చేసుకుని తింటే రెండుసార్లు వాంతులు అయ్యాయి. మళ్లీ వేడి చేశాను కదా, ఎందుకలా?
– హాస్టల్ వదిలి గది తీసుకున్న అమ్మాయి

జవాబు: చెల్లీ, దీన్ని తేలిగ్గా తీసుకోకు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. దాని బీజాలు అన్నం ఉడికే వేడికి కూడా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. నీ వాంతులకి అదే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను కానీ నువ్వు చెప్పిన పద్ధతి మాత్రం సరిగ్గా దానికి అనువైనది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి ఇలాంటి బ్యాక్టీరియాకి పండగ. పైగా లోతైన గిన్నెలో మూతపెట్టిన అన్నం నడిమధ్యలో చాలాసేపు చల్లారదు.

మిగిలేలా ఉంటే వండిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చు, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టేసి మర్నాటికల్లా తినేయి. వేడి చేసేటప్పుడు పొగలు కక్కేదాకా చెయ్యి, అదీ ఒక్కసారే. ఫ్రిజ్ లేదంటే ఏ పూటకి ఆ పూటే వండుకోవాలి, వేరే దారి లేదు. ఒక్కరికి అరగ్లాసు బియ్యం చాలు. ముందు నానబెట్టుకుంటే ఇంకా త్వరగా అవుతుంది. ఎలక్ట్రిక్ కుక్కర్ కొనుక్కోగలిగితే కొనుక్కో, కాపలా కాయక్కర్లేదు. గిన్నెలో నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, నీరంతా అన్నం పీల్చుకోగానే అడుగు వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, అది పసిగట్టి స్విచ్ దానంతటదే పడిపోతుంది. స్విచ్ పడగానే మూత తీయకు, పది నిమిషాలు అలాగే మగ్గనివ్వు, మెతుకు విడివిడిగా వస్తుంది. ఆ మొదటి ఆవిరి ముఖానికి తగిలితే చదివి చదివి అలసిన రోజున కూడా ఆకలి లేస్తుంది.

ప్రశ్న: మాంసం కొనే స్తోమత లేదు. అన్నం, పప్పుతోనే ప్రొటీన్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: తగినంత తింటే సరిపోతుంది, ఇది సర్దుకుపోవడానికి చెప్పే మాట కాదు. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలతో తయారవుతుంది. బియ్యంలో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పుల్లో అది బాగా ఉంటుంది, పప్పుల్లో తక్కువయ్యే మెథియోనిన్ అనే ముక్క బియ్యంలో ఉంటుంది. రెండూ రోజు మొత్తంలో కడుపులో పడితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. కంచంలో అన్నం కొండలా, పప్పు పైపైన తడిలా కాకుండా చూసుకో, పప్పు గట్టిగా, ఎక్కువగా వడ్డించుకో. గుడ్డు తింటే ఒక్కోదాంట్లో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. పప్పులోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం సాయపడుతుంది, భోజనంతో పాటు టీ తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదు, టీ గంట తర్వాత తాగు.

ఒక్క జాగ్రత్త. రాజ్మా గింజలు తెచ్చుకుంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లనిచ్చి, తర్వాత మెత్తబడేదాకా ఉడికించు. పచ్చి గింజలో ఉండే ఒక విషపదార్థం సన్నసెగ మీద పోదు, సగం ఉడికిన గింజలు తిని జబ్బుపడినవాళ్లు ఉన్నారు. టమాటా గానీ పులుపు గానీ గింజ మెత్తబడ్డాకే వెయ్యి, ముందే వేస్తే గింజ మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది.

ప్రశ్న: ముగ్గురం కలిసి ఉంటాం. వంట నాదే, గిన్నెలు తోమేదీ నేనే. అడిగితే "నీకు వంటంటే ఇష్టం కదా" అంటారు.
– విసిగిపోయిన ఒక స్నేహితుడు

జవాబు: వంటంటే ఇష్టం, అంట్లంటే కాదు అని మొహం మీదే చెప్పెయ్యి తమ్ముడూ. కోపంలో చెప్పకు, తినేటప్పుడు చెప్పు. వండినవాడు తోమడు అనే ఒక్క నియమం పెట్టుకోండి, ఉల్లిపాయలు తరగడం ఒకరికి అప్పగించు. వాళ్లు మందంగా తరిగినా ఏమీ అనకు, పక్కన నిలబడి కబుర్లు చెబుతూ రెండు వారాలు తరగనివ్వు.