అన్న కోసం చెల్లి ఏం చదవాలి: స్టెమ్ సెల్ డిగ్రీయా, ఫిజియోథెరపీయా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం మా అబ్బాయికి మెడ దగ్గర, సి6 స్థాయిలో (మెడలోని ఆరో నరం దగ్గర), వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు కదలవు, వేళ్లలో పట్టు లేదు. జీవశాస్త్రంతో పన్నెండో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతానంటోంది. స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) నరాలు మళ్లీ పెరుగుతాయంటున్నారు కాబట్టి, దెబ్బతిన్న అవయవాలను తిరిగి పెంచే వైద్యం, అంటే రీజెనరేటివ్ మెడిసిన్ డిగ్రీలో చేర్పిస్తే రేపు అన్నకే పనికొస్తుందని నా ఆలోచన. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది అమ్మాయి చదువు గురించే. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్నది అబ్బాయి మళ్లీ నడుస్తాడా అన్న బెంగ. ముందు దాని సంగతి చూద్దాం.

చేతిలో తెగిన నరాన్ని కుడితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్నుపాములో అలా జరగదు. అక్కడి నరాల తంతువుల చుట్టూ ఉండే మైలిన్ అనే పొరలో నోగో వంటి ప్రొటీన్లు పెరుగుదలను ఆపేస్తాయి. గాయం చుట్టూ కట్టే మచ్చలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రొటియోగ్లైకాన్లు అనే పదార్థాలు పేరుకుని అవీ పెరుగుదలను అడ్డుకుంటాయి. పైగా ఎదిగిన నాడీకణానికి పెరిగే శక్తే తగ్గిపోయి ఉంటుంది. అయినా 1981లో డేవిడ్, అగ్వాయో అనే పరిశోధకులు ఎలుకల్లో కాలి నరం ముక్కను వంతెనలా అతికిస్తే వెన్నుపాము తంతువులు అందులోకి పెరిగాయి. 2002లో ఆ పదార్థాలను కరిగించే కాండ్రాయిటినేజ్ ఎంజైమ్‌తో మచ్చను పలచబరిస్తే ఎలుకల్లో కొంత కదలిక తిరిగొచ్చింది. కాబట్టి ఆశకు ఆధారం ఉంది. కానీ మనుషుల్లో తెగిన తంతువులను తిరిగి పెంచి నడిపించగలదని రుజువైన చికిత్స ఇప్పటికి ఒక్కటీ లేదు. 2018 నుంచి వార్తల్లో వస్తున్న, వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇచ్చి నడిపించే పద్ధతి కూడా నరాలను పెంచదు. గాయం దాటి మిగిలిన కొద్దిపాటి తంతువులనూ కింది భాగంలో నిద్రపోతున్న నాడీ వలయాలనూ మేల్కొలుపుతుంది. దానికి తోడు నెలల తరబడి వ్యాయామం చేయించాలి. ఆ పని ఫిజియోథెరపిస్టులదే.

ఇక మీరు మనసుపడ్డ డిగ్రీ. మొదటి డిగ్రీలోనే "రీజెనరేటివ్ మెడిసిన్" అని పేరుపెట్టే కోర్సులంటే నాకు గట్టి సందేహాలున్నాయి. పట్టా చేతికొచ్చినా రోగిని ముట్టుకునే లైసెన్సు రాదు. పరిశోధనకైనా అది చాలదు, పీహెచ్‌డీ చేయాల్సిందే. ఆ పీహెచ్‌డీకి కణజీవశాస్త్రం, ఫిజియాలజీ, గణాంకశాస్త్రం గట్టిగా వచ్చినవాళ్లు కావాలి గానీ కోర్సు పేరుతో పనిలేదు. ఈ రంగంలో నిధులు కూడా నిలకడగా ఉండవు. పిండ మూలకణాలతో వెన్నుపాము గాయాలకు తొలి ట్రయల్‌ను (మనుషుల మీద చికిత్సను పరీక్షించే అధ్యయనాన్ని) 2010లో మొదలుపెట్టిన జెరాన్ కంపెనీ, 2011లోనే డబ్బు కారణంగా దాన్ని ఆపేసింది.

ల్యాబులో రోజు ఎలా గడుస్తుందో కూడా అమ్మాయికి తెలియాలి. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుక తనంతట మూత్రం పోయలేదు. రోజుకు రెండు మూడుసార్లు, సెలవు రోజుల్లోనూ, పొట్ట దగ్గర చేత్తో నొక్కి మూత్రాశయాన్ని ఖాళీ చేయాలి. ఎలుక నడకను కొలిచే బీబీబీ స్కేలు మీద 0 నుంచి 21 వరకు మార్కులు వేయాలి. అన్నిటికంటే పెద్ద ఉచ్చు వేరే ఉంది. గాయంలో తెగకుండా మిగిలిన తంతువులను చూసి కొత్తగా పెరిగాయని పొరబడటం సులువు. ఇంత ఓపికతో ప్రతిదాన్నీ అనుమానించే స్వభావం అమ్మాయికి ఉంటే పరిశోధన ఆమెకు నప్పుతుంది. ఆ సంగతి తేల్చుకోవాల్సింది ఆమె.

ఒక మాట కటువుగానే చెప్తాను. అన్నను నడిపించే బాధ్యతను పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్ల భుజాన పెట్టకండి. పీహెచ్‌డీ అయ్యేసరికే పదేళ్లవుతాయి. అప్పటికి చికిత్స రాకపోతే తనవల్లే రాలేదని ఆ పిల్ల కుమిలిపోతుంది, ఆమె ముఖం చూసి అబ్బాయి నొచ్చుకుంటాడు. ఇంకో హెచ్చరిక. ఈ తొందరలో డబ్బు తీసుకుని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఇచ్చే క్లినిక్‌కు అబ్బాయిని తీసుకెళ్లకండి. ఎక్కించిన కణాలు వెన్నుపాములో గడ్డలుగా పెరిగిన కేసులున్నాయి. ఒకసారి ఎక్కించుకున్నవాళ్లను అసలైన ట్రయల్స్ చాలావరకు చేర్చుకోవు.

అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే. ఫిజియోథెరపీ చదివితే పరిశోధన తలుపు మూసుకుపోదు. వెన్నుపాము ట్రయల్స్‌లో మందు పనిచేసిందో లేదో తేల్చేది శరీరపరీక్షే. ఒక్కో పక్క 28 చర్మభాగాల్లో స్పర్శ, గుచ్చడం పరీక్షిస్తారు. ఒక్కో పక్క పది కీలక కండరాలకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. రెండు పక్కలా కలిపి కండరాలకు వంద మార్కులు. పరీక్షించే చేతికి శిక్షణ లేకపోతే లేని మెరుగు కూడా కాగితం మీద కనిపిస్తుంది. అందుకే ఈ పని బాగా తెలిసిన థెరపిస్టుల అవసరం ట్రయల్స్‌కు ఎప్పుడూ ఉంటుంది.

మీరు అడగని మూడో దారి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే తినడం, రాయడం వంటి రోజువారీ పనులు రోగి తానే చేసుకునేలా, ముఖ్యంగా చేతులకు, శిక్షణ ఇచ్చే వృత్తి. మెడ స్థాయి గాయమైనవాళ్లను ఏది ముందు తిరిగి కావాలని అడిగిన 2004 నాటి సర్వేలో ఎక్కువమంది నడక కాదు, చేతులు అన్నారు. సి6 గాయంలో మణికట్టును పైకెత్తే శక్తి సాధారణంగా మిగులుతుంది. మణికట్టు ఎత్తితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. చెంచా, పెన్ను పట్టడానికి ఆ పట్టు చాలు. మణికట్టునూ వేళ్లనూ ఒకేసారి వెనక్కి చాపి సాగదీస్తే వేళ్ల స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) వదులై ఆ కాస్త పట్టూ పోతుంది. ఇంట్లో తెలియక ప్రేమగా చేసే మాలిష్‌లో తరచూ జరిగే పొరపాటు ఇది. వేళ్లు సాగదీయాలంటే మణికట్టును కిందికి వంచి ఉంచండి. రెండేళ్లు దాటినా, పనిచేసే కండరం స్నాయువును బొటనవేలికి మళ్లించే శస్త్రచికిత్సకు వీలుండొచ్చు. చేతుల సర్జన్‌ను అడగండి.

అమ్మాయి ఏ కోర్సులో చేరినా, చేరేముందు రెండు వారాలు వెన్నుపాము పునరావాస విభాగంలో కూర్చుని చూడనివ్వండి. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చడం, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయడం, హఠాత్తుగా బీపీ పెరిగి తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తే వెంటనే రోగిని నిటారుగా కూర్చోబెట్టి కాథెటర్ మడతపడిందేమో చూడటం, అన్నీ దగ్గరుండి చూడాలి. ఆ రెండు వారాల తర్వాత ఆమె ఏమంటే అదే ఖాయం చేయండి.