ఊటీ టాయ్ ట్రైన్ దొరకలేదా? కూనూరు నుంచి ఎక్కండి

మేలో మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో, పిల్లలతో ఊటీ వెళ్తున్నామని, కొండ కింద మేట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లే టాయ్ ట్రైన్ టికెట్లు అయిపోయాయని, ట్రిప్ మానుకోవాలా అని అడిగారు కదా. మానుకోవద్దండి.

దారిలో ఉండే కూనూరు నుంచి ఊటీకి ఇదే చిన్న రైలు విడిగా కూడా తిరుగుతుంది, దాదాపు 19 కిలోమీటర్లు, వీటికి టికెట్లు దొరికే అవకాశం ఎక్కువ. పట్టాల మధ్య రంపపు పళ్లలాంటి కడ్డీని పట్టుకుని ఆవిరి ఇంజన్ ఎక్కే భాగం మాత్రం కింద కల్లార్ నుంచి కూనూరు వరకే, అది మిస్సవుతారు. కానీ కేత్తి దగ్గర లోయంతా మెట్లుమెట్లుగా క్యారెట్ మళ్లు కనిపిస్తాయి, పిల్లలకు కిటికీ పక్క సీటు ఇవ్వండి.

కాబట్టి బస కూనూరులో పెట్టుకోండి, మేలో ఊటీ కంటే రద్దీ తక్కువ. సిమ్స్ పార్క్ లోయలోకి దిగుతుంది, పెద్దవాళ్లను పైభాగంలోనే బెంచీల దగ్గర కూర్చోబెట్టండి. ఊటీ దగ్గరి దొడ్డబెట్ట శిఖరానికి (2,637 మీటర్లు) పొద్దున్నే వెళ్లిరండి, మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్మేసి ఏమీ కనిపించకపోవచ్చు, ఒక్కోసారి వానా పడుతుంది.

ముఖ్యమైనది, సొంత కారైనా ట్యాక్సీ అయినా, ఊటీ, కూనూరు ఉన్న నీలగిరి జిల్లాలోకి వెళ్లడానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే అనుమతి, ఈ-పాస్, ముందే తీసుకోండి. 2025 వేసవిలో రోజుకు 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలనే అనుమతించారు, అందుకే వారం మధ్యలో వెళ్లడం మేలు. ప్రభుత్వ బస్సుకు పాస్ అక్కర్లేదు. ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లు నీలగిరిలో నిషేధం, స్టీలువి సర్దుకోండి.