కెరటోకోనస్ కండ్లతో అమెరికా వస్తున్న అనంతపురం తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతాంటే నా పాత కథే మళ్ళ చదివినట్టుంది. రెండు కండ్లకీ కెరటోకోనస్, అంటే కంటి ముందు పొర (కార్నియా) పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు, ఎడమ కంటికి అద్దాలతో పని జరగడం లేదు, ఆర్‌జీపీ (గట్టి రకం కాంటాక్ట్) లెన్స్ పెడితే గంటకే గుచ్చుకుంటాంది, వచ్చే నెల ఎమ్మెస్‌కి డాలస్ ప్రయాణం, ఈలోపల బెంగళూరు పోయి స్క్లీరల్ లెన్స్ (తెల్లగుడ్డు మీద కూర్చునే పెద్ద లెన్స్) వేయించుకొని రావాల్నా లేకుంటే ఈడికొచ్చినాక చూసుకోవాల్నా, అంతే కదా నీ ప్రశ్న. నెల లోపల బెంగళూరులో అయితే వద్దు. ఎందుకు వద్దో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో నేను పోగొట్టుకున్న దుడ్లతో మా నాయన ఒక పంట బుడ్డలు ఏసి ఉండొచ్చు.

నాది కూడా అనంతపురమే. 2007లో జేఎన్‌టీయూలో సెకండియర్ చదివేటప్పుడు బోర్డు మీద అక్షరాలకు నీడలు రావడం మొదలైంది, సైట్ అనుకొని క్లాక్ టవర్ దగ్గర అద్దాలు మార్పించినా, ఆరు నెలలకు మళ్ళ మార్పించినా, సిలిండర్ పవర్ పెరుగుతానే ఉంది. రాత్రిపూట లారీ లైటు చూస్తే తోకలొచ్చి నాలుగైదు లైట్లు కనపడేవి. మన ఊరి దుమ్ము సంగతి నీకు తెలుసు, ఎండాకాలం గాలి లేస్తే కండ్లు దురదపెట్టేవి, నేను పిడికిలితో నలిపేవాణ్ణి, నలిపితే హాయిగా ఉండేది. ఆ నలపడమే ఈ జబ్బుకు అగ్గి రాజేసేదని బెంగళూరులో డాక్టరమ్మ చెప్పేదాకా తెలీలేదు. ఆమె టోపోగ్రఫీ, అంటే కార్నియా ఆకారం చూపే మ్యాప్ తీసి చూపించింది, దాంట్లో కింది సగం ఎర్రగా ఉంది. మామూలుగా గుండ్రంగా ఉండాల్సిన కంటి ముందు పొర పల్చబడి శంకువు లెక్క ముందుకు పొడుచుకొస్తాంది అని చెప్పింది. 2009లో రెండు కండ్లకీ సీత్రీఆర్ చేయించుకున్నా, అంటే పైపొర గీకి, రైబోఫ్లావిన్ చుక్కలేసి, అల్ట్రావయొలెట్ లైటు పట్టడం. నువ్వు కూడా చేయించుకున్నా అన్నావు, మంచి పని చేసినావు. అమెరికాలో మందులకు, చికిత్సలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దానికి ఒప్పుకున్నదే 2016లో, అంతకు ముందు ఈడ చేయించుకోవడం గగనం. కానీ ఒకటి గుర్తు పెట్టుకో, అది జబ్బును యాడుందో ఆడ నిలబెడుతుంది అంతే, పోయిన చూపు తెచ్చివ్వదు. చూపు కోసం లెన్స్ కావాల్సిందే.

2011లో నేను అమెరికా వచ్చేటప్పుడు ఒక్క జత ఆర్‌జీపీ లెన్సులతో వచ్చినా. స్పేర్ లేదు. టోపోగ్రఫీ కాగితాలు ఇంట్లోనే బీరువాలో పెట్టి వచ్చినా, ఎవరడుగుతార్లే అని. రెండో సెమిస్టర్‌లో ఒక పొద్దున బాత్రూం సింక్‌లో నీళ్ళ కింద లెన్స్ కడుగుతాంటే చేతిలో నుంచి జారి లోపలికి పోయింది, చింతగింజ కన్నా చిన్న వస్తువు, సింక్ బెజ్జానికి మూత కూడా వేయలేదు. పైపు విప్పించినా దొరకలేదు. అసలు కుళాయి నీళ్ళతో కడగడమే పెద్ద తప్పు, నీళ్ళలో అకాంతమీబా అని ఒక సూక్ష్మజీవి ఉంటుంది, అది కార్నియాకు పట్టిందంటే నెలల తరబడి మందులు, కన్ను పోయినా పోతుంది. నా లెన్స్ పోయింది కానీ కన్ను పోలేదు, దానికి ఇప్పటికీ దేవునికి దండం పెట్టుకుంటా.

అప్పుడు ఏం చేసినానంటే, మాల్‌లో ఉన్న ఒక అద్దాల షాపుకు పోయినా. నాకు తెలిసింది అదొకటే. ఆడ వాళ్ళు సాఫ్ట్ టోరిక్ లెన్సులు (సిలిండర్ పవర్ ఉండే మెత్తటి లెన్సులు) రాసిచ్చినారు, పరీక్షకు, లెన్సులకు కలిపి 380 డాలర్లు. స్టూడెంట్‌కి 380 డాలర్లంటే నెల గది అద్దె. పెట్టుకుంటే నీడలు అట్లే ఉన్నాయి. వెనక్కి తీసుకోమంటే తెరిచిన డబ్బాలు తీసుకోం అన్నారు. ఎందుకు పని చెయ్యలేదో నాకు చాలా రోజులకు అర్థమైంది. బోర్లించిన చెంబు మీద తడిగుడ్డ కప్పితే గుడ్డ కూడా చెంబు ఆకారమే కదా, సాఫ్ట్ లెన్స్ అట్లే ఆ శంకువు మీద పరుచుకొని దాని వంకరే తెచ్చుకుంటుంది. జబ్బు చాలా తక్కువ ఉన్నోళ్ళకు అది సరిపోవచ్చు, నీకు నాకు కాదు. ఆర్‌జీపీ గట్టిది కాబట్టి తన ఆకారం వదలదు, దానికీ కంటికీ మధ్యలో కన్నీళ్ళు నిండి వంకరను పూడుస్తాయి, అందుకే చూపు తేటగా వస్తుంది, కానీ శంకువు మొన మీద రుద్దుకుంటుంది. స్క్లీరల్ ఇంకా పెద్దది, నాది 16 మిల్లీమీటర్లు పైనే, పాత పావలా బిళ్ళ కన్నా రవ్వంత చిన్నది. అది తెల్లగుడ్డు మీద కూర్చొని కార్నియాను తాకకుండా గుమ్మటం లెక్క పైన నిలబడుతుంది, లోపలంతా సెలైన్. అందుకే గుచ్చుకోదు, దుమ్ము కూడా లోపలికి పోదు.

ఇంగ అసలు దెబ్బ చెప్తా. 2013 డిసెంబర్‌లో మూడు వారాల సెలవు మీద ఇంటికొచ్చినా. అమెరికాలో స్క్లీరల్‌కి రెండు వేలు, మూడు వేల డాలర్లు అవుతుందని విని భయపడి, మన దేశంలో అయితే దాంట్లో మూడో వంతుకు అయిపోతుంది కదా అని లెక్కేసుకొని, బెంగళూరులో చేయించుకున్నా. రెండు కండ్లకీ 50 వేల పైచిలుకు అయింది. మొదటిరోజు పెట్టినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది తమ్ముడూ, బస్టాండ్‌లో బస్సు బోర్డు దూరం నుంచే చదివినా, ఆ రాత్రి మిద్దె మీద పడుకొని చూస్తే చందమామ ఒక్కటే ఉంది, ఎన్నేళ్ళయిందో ఒక్క చందమామను చూసి. కానీ లెన్స్ చేతికొచ్చేసరికే నా సెలవులో పది రోజులు మిగిలింది. స్క్లీరల్ లెన్స్ పెట్టినాక గంటలకొద్దీ మెల్లగా కంటి వైపుకు దిగుతూ ఉంటుంది, లెన్స్‌కీ కార్నియాకీ మధ్య పెట్టినప్పుడు ఉన్నంత సందు సాయంత్రానికి ఉండదు. అందుకే నాలుగైదు గంటలు పెట్టుకొని రా, వారం వాడి రా, నెల వాడి రా అని పిలుస్తారు, చూసి మళ్ళ కొలతలు మార్చి చేయిస్తారు. నేను ఒక్కసారి చూపించుకొని విమానం ఎక్కేసినా.

ఈడికొచ్చిన నెలకు కుడి కన్ను సాయంత్రానికి ఎర్రగా మందారం లెక్క అయ్యేది, లెన్స్ తీస్తే తెల్లగుడ్డు మీద గుండ్రంగా గాడి పడి ఉండేది. బిగుసుకుపోతాంది అన్నమాట. ఈడ ముగ్గురు డాక్టర్లను అడిగినా, వేరే దేశం ల్యాబ్‌లో చేసిన లెన్స్ మేం సరిచెయ్యలేం, మొదటి నుంచి కొత్తగా ఫిట్టింగ్ చెయ్యాల్సిందే అన్నారు. వాళ్ళది తప్పు కాదు. బెంగళూరులో చేసినోళ్ళదీ తప్పు కాదు, పది రోజుల్లో ఎవరేం చేస్తారు. తప్పు నాది, నేను ప్లాస్టిక్ ముక్క కొంటున్నా అనుకున్నా. మనం దుడ్లు ఇచ్చేది ఫిట్టింగ్‌కి, అంటే ఆ మనిషి నీ కంటిని నాలుగు నెలలు పదేపదే చూసి సరిచేసే పనికి. లెన్స్ ముక్క దాంట్లో చిన్న భాగం. అందుకే నువ్వు యాడ నాలుగు నెలలు కుదురుగా ఉంటావో ఆడనే చేయించుకోవాల. నీకు ఇంకా ఆరు నెలల టైం ఉంటే బెంగళూరులోనో, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లోనో పూర్తిగా చేయించుకొని రా అని నేనే చెప్పేవాణ్ణి, మన దగ్గర పనితనానికి ఏం తక్కువ లేదు, ఖర్చూ తక్కువే. నెలలో మాత్రం కాదు.

ఈడి ఖర్చు గురించి భయపడతావు, నాకు తెలుసు. నేను కూడా భయపడే మూడేళ్ళు సగం చూపుతో బతికినా, అది ఇప్పుడు తల్చుకుంటే కడుపు రగుల్తుంది. ఈడ ఇన్సూరెన్స్ రెండు రకాలు, మెడికల్ వేరు, విజన్ వేరు. మామూలు కాంటాక్ట్ లెన్సులకు నా విజన్ ప్లాన్ 150 డాలర్లే ఇచ్చేది, అది చూసి ఇంతేనేమో అనుకొని గమ్మున ఉండిపోయినా. తర్వాత తెలిసింది ఏందంటే కెరటోకోనస్ లాంటి జబ్బుకు చాలా ప్లాన్లలో 'మెడికల్లీ నెససరీ' (వైద్యపరంగా తప్పనిసరి) అని వేరే లెక్క ఉంటుంది, అందులో వస్తే వాళ్ళు ఇచ్చేది చాలా ఎక్కువ. కానీ ముందే పర్మిషన్ తీసుకోవాల. నేను 2015లో ముందు కార్డు గీకి 2,800 డాలర్లు కట్టేసి తర్వాత బిల్లు పంపినా, ముందస్తు అప్రూవల్ లేదు, పైగా డాక్టర్ నెట్‌వర్క్‌లో, అంటే వాళ్ళతో ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలో లేడు అని ఒక్క డాలర్ రాలేదు. ఆ నెల ఇంటికి దుడ్లు పంపలేకపోయినా, మా నాయన ఏం అడగలేదు, అదే ఎక్కువ బాధ.

ఆ లెన్సులు కూడా ఎక్కువ రోజులు నిలవలేదు, తీసేటప్పుడు ఒకటి చేతిలో పగిలింది. 2016లో పద్ధతిగా పోయినా. ఉద్యోగం ఇన్సూరెన్స్ మార్చుకునే టైంలో ప్లాన్ కాగితం అంతా చదివి, నెట్‌వర్క్‌లో ఉండి కెరటోకోనస్ ఫిట్టింగ్ రోజూ చేసే ఆప్టోమెట్రిస్ట్‌ను వెతికి, ఫోన్ చేసి ఒక్కటే అడిగినా, నెలకు ఎంతమందికి స్క్లీరల్ వేస్తారు అని. తడుముకున్న చోట వదిలేసినా. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేసి కోడ్‌లు చెప్పి అడిగినా, జబ్బుకు హెచ్18.6తో మొదలయ్యే కోడ్, ఫిట్టింగ్‌కి 92072, లెన్స్‌కి వీ2531. కోడ్ చెప్పి అడిగితే వాళ్ళు సరిగ్గా చూసి చెప్తారు, ఊరికే లెన్సులు కవర్ అవుతాయా అంటే ఊరికే కాదు అంటారు. మాట్లాడిన ప్రతిసారీ ఆ కాల్ రెఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకున్నా. అప్రూవల్ లెటర్ చేతికొచ్చినాకే మొదటి అపాయింట్‌మెంట్. కుడి కంటికి మూడు సార్లు మార్చి చేసినారు, ఎడమ కంటికి రెండు సార్లు, గడువు లోపల మార్పులకు ల్యాబ్ వేరే ఛార్జ్ వెయ్యలేదు. నా జేబులో నుంచి పోయింది 240 డాలర్లు. అదే జబ్బు, అదే కండ్లు, ముందు సంవత్సరం 2,800. నువ్వు యూనివర్సిటీ ఇన్సూరెన్స్ కాగితం రాగానే ముందు 'మెడికల్లీ నెససరీ' అన్న ఆ రెండు మాటలు వెతుకు. మిగతా రూల్స్ ప్లాన్‌కొకటి ఉంటాయి, నీ కాగితంలో చూసుకో.

రోజువారీ పని కూడా కొంచెం చెప్తా, ఎందుకంటే దీంట్లోనూ దుడ్లు పోతాయి. స్క్లీరల్ పెట్టడం మొదట్లో యాష్ట వస్తుంది, నాకు మొదటి వారం ఒక్కో కంటికి అరగంట పట్టేది. అద్దం టేబుల్ మీద పడుకోబెట్టి, గడ్డం గుండెకు ఆనించి, మొహం నేలకు సమానంగా వంచి, లెన్స్‌ను అంచుదాకా సెలైన్‌తో నింపి కిందనుంచి పైకి తేవాల. తల కొంచెం ఎత్తినా గాలి బుడగ వస్తుంది, బుడగ ఉంటే మసక, తీసి మళ్ళ పెట్టాల్సిందే. ప్రిజర్వేటివ్ లేని సెలైనే వాడాల, ఒక్కసారికి సరిపోయే చిన్న గొట్టాలు దొరుకుతాయి. పొదుపు అని నేను ఒక గొట్టం మూడు రోజులు వాడినా, కన్ను వాచి డాక్టర్ ఫీజు, యాంటీబయాటిక్ చుక్కలు కలిపి ఆరు నెలల సెలైన్ ఖర్చు అయింది. శుభ్రం చేసే పెరాక్సైడ్ ద్రావణం అయితే దాని డబ్బీలో కనీసం ఆరు గంటలు ఉండాల, తొందరపడి కంట్లో పెడితే మిరపకాయ పూసినట్టే. తీసేటప్పుడు ముందు లెన్స్ కంట్లో ఉందో లేదో చూసుకొని, రబ్బర్ ప్లంజర్‌ను అంచు దగ్గర ఆనించి వంచి తియ్యి, నట్టనడుమ పెట్టి లాగొద్దు. మధ్యాహ్నానికి పొగమంచు లెక్క మసక వస్తే తీసి కొత్త సెలైన్ నింపి పెట్టుకుంటే పోతుంది, రోజూ వస్తాంటే డాక్టర్‌కి చెప్పు, ఫిట్టింగ్ మార్పు కావచ్చు. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం వస్తే ఆ రోజే పో, ఫీజు గురించి ఆలోచించొద్దు, ఈ ఒక్క చోట నేను దుడ్ల మాట ఎత్తను.

లెన్స్ పెట్టుకున్నంత మాత్రాన జబ్బు ఆగినట్టు కాదు, వయసులో ఉన్నావు కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో టోపోగ్రఫీ తీయించుకుంటా ఉండు. కండ్లు నలపొద్దు. దురదకు చుక్కలు అడుగు. ఇవి నీకు డాక్టర్ చెప్పే ఉంటాడు, అయినా మళ్ళ చెప్తాండా, మన ఊరి పిల్లోళ్ళు వినరు.

ఇప్పుడు ఈ నెలలో నువ్వు చేయాల్సింది, బెంగళూరు పోయి కొత్త లెన్స్ కాదు, నీ టోపోగ్రఫీలు అన్నీ, సీత్రీఆర్‌కి ముందువి, తర్వాతవి, రంగుల ప్రింట్ తీసుకో, సీత్రీఆర్ చేసిన తేదీతో ఒక ఉత్తరం రాయించుకో. ఇప్పుడున్న ఆర్‌జీపీకి ఒక స్పేర్ జత చేయించుకో, కుడి కంటికైనా పనికొస్తుంది. ఈడ ఫిట్టింగ్‌కి పోయే ముందు ఎన్ని రోజులు ఆర్‌జీపీ మానెయ్యాల్నో ఆ డాక్టర్‌నే అడుగు, అది కార్నియాను నొక్కి ఆకారం మారుస్తుంది, మానకుండా పోతే కొలతలు తప్పొస్తాయి, తప్పు కొలతకు మళ్ళ ఖర్చు. ఆ రోజుల కోసం మంచి అద్దాలు కూడా ఒక జత తెచ్చుకో, అనంతపురంలో అయ్యే దానికి ఈడ ఫ్రేమ్ కూడా రాదు.

విమానంలో లెన్సులు పెట్టుకోవద్దు, గాలి పొడిగా ఉంటుంది, నిద్రపోతావు కూడా, అద్దాలతో రా. లెన్స్ డబ్బీలు, కాగితాలు మాత్రం చేతి సంచిలో పెట్టు, నా పెట్టె రెండు రోజులు లేటుగా వచ్చింది. దిగినాక ఇన్సూరెన్స్ కాగితం పంపు, సంతకం పెట్టే ముందే పంపు, నేను చూసి ఏ పేజీలో ఏముందో చెప్తా.