న్యూట్రినోల కోసం మెకానికల్ మానెయ్యాలా?

పరకాల నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం, క్లుప్తంగా: "ఏనుమాముల దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్లాంట్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. బిడ్డ బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. న్యూట్రినోలను పట్టే డిటెక్టర్ గురించి ఏదో వీడియో చూసినప్పటి నుంచి అదే ధ్యాస. ఇంజనీరింగ్ మానేసి బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరతానంటోంది. మా బామ్మర్దేమో కోడింగ్ నేర్పించి హైదరాబాద్ పంపమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

అన్నా, మానెయ్యొద్దు. మీరు చెబితే ఫీజుల భయం అనుకుంటుంది, కాబట్టి ఈ జవాబు ఆమె చేతికే ఇవ్వండి.

న్యూట్రినోలంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతిసూక్ష్మ కణాలు. ఆమె చూసింది బహుశా వాటిని పట్టడానికి అమెరికాలో కడుతున్న డ్యూన్ ప్రయోగం గురించి అయి ఉంటుంది. సౌత్ డకోటాలో మూతపడిన హోమ్‌స్టేక్ బంగారు గనిలో, దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున పెడుతున్నారు. ఒక్కో డిటెక్టర్‌లో 17,000 టన్నుల ద్రవ ఆర్గాన్, మైనస్ 186 డిగ్రీల దగ్గర. న్యూట్రినో వచ్చి ఆర్గాన్ అణువును తాకితే ఊడిపడే ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రంతో ఒక పక్కకు లాగి లెక్కపెడతారు. ఫిజిక్స్ కథ ఇంతే అని కాదు గానీ, ఆ ఆర్గాన్‌ను ఏళ్ల తరబడి చల్లగా, శుభ్రంగా, కదలకుండా నిలబెట్టేది ఎవరనుకున్నారు? మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ వాళ్లే. ఈ అతిచలి విద్యనే క్రయోజెనిక్స్ అంటారు. ఇనుప కట్టడమంతా గని షాఫ్టులో (నిలువు దారిలో) పట్టే ముక్కలుగా దింపి, కిందే కూర్చాలి. సింగరేణి షాఫ్టుల్లో మెషిన్లు దింపిన మనిషి మీ చుట్టాల్లో ఉంటే అడిగి చూడండి, అదెంత పనో చెబుతాడు.

మీ ప్లాంటుకూ దానికీ చుట్టరికం ఉంది. గోడలో వేడిని ఆపే పఫ్ ప్యానెల్‌లో సందు పడితే ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడా శత్రువు అదే: లోపలికి దూరే వేడి. ద్రవ నైట్రోజన్‌లోకి ఒక్క వాట్ వేడి దూరితే రోజుకు సుమారు అర లీటరు ఆవిరవుతుంది. అదే ఒక్క వాట్ ద్రవ హీలియంలోకి దూరితే రోజుకు 33 లీటర్లు పోతుంది! అందుకే ట్యాంకును మోసే కాళ్లు, లోపలికి వెళ్లే ప్రతి తీగ, ప్రతి బోల్టు దగ్గర కూర్చుని లెక్క కడతారు.

రెండోది కుంచించుకుపోవడం. స్టెయిన్‌లెస్ స్టీల్ పైపును మామూలు వేడి నుంచి నైట్రోజన్ చలికి తీసుకెళ్తే మీటరుకు దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పది మీటర్ల పైపు మూడు సెంటీమీటర్లు పొట్టిదైతే వెల్డింగులు ఏం కావాలి? డ్యూన్ వాళ్లు దీనికి కొత్త విద్యేమీ కనిపెట్టలేదు. ఎల్ఎన్‌జీ (ద్రవ సహజవాయువు) మోసే ఓడల ట్యాంకుల పద్ధతినే తెచ్చుకున్నారు: మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం ఉన్న ముడతల రేకు లోపలి తొడుగు. రేకు కుంచించుకుంటే ముడత సాగుతుంది, వెల్డు మీద భారం పడదు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చినది ఈ ముడతే.

మూడోది శుభ్రత. ఎలక్ట్రాన్లు మీటర్ల దూరం ప్రయాణించాలి, దారిలో ఆక్సిజన్ కనిపిస్తే అది మింగేస్తుంది. అందుకే ఆక్సిజన్ వెయ్యి కోట్లలో ఒక పాలు కూడా దాటకూడదంటారు. బోల్టు రంధ్రం అడుగున చిక్కుకున్న చిటికెడు గాలి కూడా నెలల తరబడి మెల్లగా కారుతుంది. దాన్ని వదిలించడానికి మధ్యలో బోలు పెట్టిన బోల్టులు వాడతారు. ఇది మామూలు బీఎస్సీ ఫిజిక్స్ సిలబస్‌లో కనిపించడం అరుదు.

ఇంకో మాట. మీ ప్లాంటులో చల్లదనానికి వాడే అమ్మోనియా లీకైతే ముక్కు చెబుతుంది. ఆర్గాన్‌కు వాసన లేదు, గాలికన్నా బరువు, గుంటలో చేరి మనిషిని మాట్లాడనివ్వకుండా పడేస్తుంది. అందుకే భద్రత డిజైన్ కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఇక దారి. బీటెక్ పూర్తి చెయ్యాలి. గేట్ రాయాలి. ఖరగ్‌పూర్ ఐఐటీలో క్రయోజెనిక్ ఇంజనీరింగ్ సెంటర్ ఉంది, రూర్కెలా ఎన్ఐటీలో క్రయోజెనిక్స్, వాక్యూమ్ టెక్నాలజీలో ఎంటెక్ ఉంది. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ కోర్సుకు బీటెక్‌తోనే వెళ్లొచ్చు. 60 శాతం మార్కులు, పరీక్షలో వడపోత, తర్వాత ఇంటర్వ్యూ. వయసు పరిమితి ఉంది, ఏళ్లు వృథా చెయ్యొద్దు. కోల్‌కతా వీఈసీసీ, ఇండోర్ ఆర్ఆర్ క్యాట్, గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ ఈ చలితో రోజూ పనిచేసే ప్రభుత్వ పరిశోధన కేంద్రాలు. మన దేశం 2017 నుంచి యూరప్ కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలు, కాబట్టి అక్కడి విద్యార్థి, యువ ఇంజనీర్ పథకాలకు మనవాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

సీట్లు తక్కువ. దాచను. పరిశోధన సంస్థల్లో ఏటా తీసుకునేది కొద్దిమందినే. దొరక్కపోతే రోడ్డున పడుతుందా అంటే పడదు. ఇదే విద్య ఆక్సిజన్ ప్లాంట్లకు, ఎల్ఎన్‌జీకి, తమిళనాడు మహేంద్రగిరిలో ఇస్రో రాకెట్ ఇంజన్ల పరీక్షలకు కావాలి. ఫ్రాన్స్‌లోని ఐటర్ (కేంద్రక సంలీన ప్రయోగం) కోసం 3,850 టన్నుల క్రయోస్టాట్ (చలిని నిలిపే భారీ తొట్టె) ముక్కలు గుజరాత్ హజీరాలోనే తయారయ్యాయి. మీ బామ్మర్ది మాట పూర్తిగా తీసిపారెయ్యను. పైథాన్ నేర్చుకోనివ్వండి, లెక్కలకు పనికొస్తుంది. ఆ ఒక్కదాని కోసం హైదరాబాద్ హాస్టల్ ఎందుకు?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కొనుక్కోవద్దని గట్టిగా చెప్పండి. పశువుల ఆసుపత్రిలో పశువుల కృత్రిమ గర్భధారణకు వీర్యం దాచే ద్రవ నైట్రోజన్ క్యాన్ చూసే ఉంటారు. డాక్టరుగారి అనుమతితో దాన్ని నెల రోజులు రోజూ ఒకే వేళకు తూకం వెయ్యమనండి. రోజుకు 100 గ్రాములు తగ్గితే లోపలికి దూరుతున్న వేడి పావు వాట్ దగ్గర. మెడ నుంచి ఎంత, గోడ నుంచి ఎంత అని విడదీయగలిగితే అదే నిజమైన ప్రాజెక్టు. గదిలో గాలి ఆడాలి, చేతికి తొడుగులుండాలి, మూత ఎప్పుడూ బిగించకూడదు.

అంతకన్నా ముందు ఒక చిన్న లెక్క. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవున్న గుండ్రటి కడ్డీ. ఒక చివర గది వేడి, ఇంకో చివర ద్రవ నైట్రోజన్. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే ముప్పావు వాట్ లోపే వేడి దూరుతుంది. రాగి అయితే ఎంతో ఆమెనే కట్టి నాకు రాయమనండి. ఆ జవాబు వచ్చాక బీఎస్సీ మాట మళ్లీ ఎత్తుకుందాం.